పండుటాకు పాఠము

చదువవలసిన వాక్యభాగములు: కీర్తన 104:19–30, మత్తయి 6:28–30, యోహాను 12:20–26, 1 కొరింథీయులకు 15:20–26, 35–44.



శ్రమకాలపు దినములు వచ్చునప్పటికి మన మందిరపు ఆవరణలోని వేపచెట్లు ఆకు రాల్చుట మీరందరు చూచినదే. ఉదయము ఊడ్చిన నేల మధ్యాహ్నమునకు మరల పసుపుపచ్చగా నిండిపోవును. చెరువు అవతలి గుట్టమీద మోదుగచెట్లకు ఒక్క ఆకైనను మిగులదు గాని, ఆ మోడుకొమ్మల నిండ ఎఱ్ఱని పూలు విరగబూయును. వీటి క్రిందనుండియే మనము ప్రతి సంవత్సరము శుభ శుక్రవారపు ఆరాధనకు నడచి వచ్చుచుందుము.

ఒక ఆదివారము బడి ముగిసిన పిమ్మట ఒక చిన్న బాలిక తన బైబిలులో దాచుకొనిన పండుటాకు నొకటి తీసి నాకు చూపినది. “అయ్యగారూ, ఇది చచ్చిపోయిన ఆకు గదా, మరి యింత బాగున్నదేమి?” అని అడిగినది.

వెంటనే ఏదో యొక జవాబు చెప్పి పంపవచ్చును. కాని అంతకు కొన్ని సంవత్సరములకు ముందు జరిగిన యొక సంగతి నాకు జ్ఞాపకము వచ్చి నా నోరు కట్టివేసినది. మన సంఘములో ఒక తల్లి తన నాలుగేండ్ల కుమారుని జ్వరముచేత పోగొట్టుకొన్నది. సమాధియొద్ద నేను ప్రసంగించుచు, ఈ బిడ్డ యొక పువ్వు, ప్రభువు తన తోటకొరకు ఈ పువ్వును కోసికొనెను అని చెప్పితిని. నేను బాగుగనే చెప్పితినని అనుకొంటిని. మూడవ దినమున వారి యింటికి పోయినప్పుడు ఆ తల్లి తలయెత్తకుండనే, “అయ్యగారూ, మీరు పువ్వన్నారు. పువ్వు కాదయ్యా, వాడు నా బిడ్డ” అన్నది. నాకు మాట రాలేదు. కొంతసేపు కూర్చుండి, ప్రార్థన చేసి, లేచి వచ్చితిని.

కనుక ఈ నెల పాఠములో ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టుకొని వాక్యమును చూడ గోరుచున్నాను. చచ్చిన ఆకు బాగున్నదన్న బాలిక మాట నిజమే. బిడ్డ చావు పువ్వు రాలినట్లు కాదన్న తల్లి మాటయు నిజమే. ఈ రెండును నిజమైనప్పుడు, దేవుని సృష్టిలోని మరణమును మన మేలాగు చూడవలెను?

1. ప్రభువు చూచిన గడ్డిపువ్వు

మత్తయి 6:28–30 వచనములను మనము చింతించకూడదను పాఠముగా చదువుదుము. అది సరియే. అయితే ప్రభువు అక్కడ దేనిని చూపించి మాటలాడుచున్నాడో కొంచెము నిదానించి చూడుడి. పాలస్తీనా దేశములో శీతకాలపు వానలు కురిసిన తరువాత కొండ ప్రక్కలన్నియు పువ్వులతో నిండును. ఎడారివైపునుండి వడగాలి వీచెనా, కొద్ది దినములలోనే అవన్నియు ఎండిపోవును. ఆ దేశములో వంటచెరకు తక్కువ. గనుక బీద స్త్రీలు ఆ యెండిన గడ్డిని తెచ్చి రొట్టెలు కాల్చు పొయ్యిలో వేయుదురు. మన స్త్రీలు కందికట్టెను, ప్రత్తికట్టెను పొయ్యిలోనికి తెచ్చుకొనునట్లే యనుకొనుడి.

రేపు పొయ్యిలో పడబోవు ఆ గడ్డినే చూపించి, సొలొమోను రాజునకు సహితము ఇంత అలంకారము లేదని ప్రభువు చెప్పెను. వందల యేండ్లు నిలుచు లెబానోను దేవదారును ఆయన చూపలేదు. ఒక్క వారము బ్రదికి వాడిపోవు దానిని చూపెను. అది వాడిపోవునని ఆయన యెరుగును. ఆ సంగతి ఆ మాటలోనే చెప్పెను. అయినను దాని అందము తక్కువ యని అనలేదు.

దీనినిబట్టి మనకు తెలియునదేమనగా, దేవుని దృష్టిలో అందము కాలపరిమాణముతో కొలువబడునది కాదు. ఎక్కువ కాలము నిలిచినదే విలువగలదని మనము తలంచుదుము. తండ్రి అట్లు తలంచడు. ఒక్క దినపు పువ్వునకు కూడ ఆయన పూర్తి పనితనము చూపించును.

2. పండుట యను మాట

మన భాషలో ఒక గొప్ప మాట యున్నది. పసుపుపచ్చనై రాలబోవు ఆకును మన పెద్దలు చచ్చిన ఆకు అనలేదు, పండుటాకు అన్నారు. పండు పండినట్లే ఆకును పండినది. ఇది ఊరక అన్న మాట కాదు. చెట్టు శాస్త్రము నేర్చినవారు చెప్పు సంగతియు దీనికి సరిపోవుచున్నది.

మన దేశములో చెట్లు ఎక్కువగా ఆకు రాల్చుట చలికి కాదు, ఎండకు. నేలలో తేమ తగ్గినప్పుడు ఆకులున్నంత కాలము వాటి ద్వారా నీరు ఆవిరియై పోవుచుండును గనుక, చెట్టు తన ప్రాణము నిలుపుకొనుటకు ఆకులను విడిచిపెట్టును. అయితే ఒక్కసారిగా విడువదు. మొదట ఆకులోని పచ్చదనమును కరగించి, దానిలోని సారమును, ముఖ్యముగా నత్రజనిని, కొమ్మలలోనికి తిరిగి తీసికొనును. పచ్చదనము పోగానే దాని క్రింద మొదటినుండి దాగియున్న పసుపురంగు బయటపడును. ఆ బాలికకు బాగున్నదని తోచిన రంగు ఆకు చచ్చినప్పుడు క్రొత్తగా వచ్చినది కాదు. అది అంతకుముందే అక్కడ నున్నది. ఆకు తనకున్నది ఇచ్చివేసిన తరువాతనే అది కనబడినది.

ఇంకొక సంగతి. ఆకు రాలుటకు ముందుగానే తొడిమ మొదట చెట్టు ఒక సన్నని పొరను కట్టుకొనును. ఆకు విడిపోవు చోటు అప్పటికే మూయబడి యుండును. గాయము కలుగకముందే దానికి కట్టు సిద్ధమగుచున్నది. మనము చేతితో లాగిన పచ్చి ఆకు తొడిమనుండి నీరు కారును. తనంతట తాను రాలిన పండుటాకు చోట చుక్కయైనను కారదు.

మన వరిపైరు సంగతియు ఇట్టిదే. వెన్ను పైకి వచ్చిన తరువాత రమారమి 30 దినములలో పొలమంతయు బంగారు రంగు తిరుగును. ఆ దినములలో ఆకులలో నున్న సారము గింజలలోనికి పోవుచుండును. ఆకు వట్టిదగుచుండగా గింజ నిండుచుండును. నిజము చెప్పవలెనన్న ఆ బంగారు పొలము చనిపోవుచున్న పొలమే. అయితే గట్టుమీద నిలిచిన రైతు, నా పొలము చచ్చుచున్నది అని అనునా? పంట పండినదని దేవునికి స్తోత్రము చెల్లించును. అరటిచెట్టును చూడుడి. ఒక్క గెల వేయును, గెల దింపగానే దాని పని ముగియును. కాని అప్పటికే దాని మొదట పిలకలు లేచి నిలిచియుండును.

3. గింజ ఖాళీ యగుట

యోహాను 12:24లో ప్రభువు గోధుమగింజను గూర్చి చెప్పిన మాట మీ కందరికి కంఠస్థమే. హైస్కూలు చదువుచున్న మన యువకుడొకడు ఒకసారి నన్నడిగినాడు: “అయ్యగారూ, చచ్చిన విత్తనము మొలవదు గదా! మా సారు అట్లే చెప్పినారు. మరి గింజ చావవలెనని ప్రభువు ఎందుకన్నారు?”

ఇట్టి ప్రశ్నలు అడుగు పిల్లలను గద్దింపకుడి. ఆ యువకుడు చెప్పినది నిజమే. పుచ్చిన గింజ మొలవదని రైతునకు తెలియును; అందుకే విత్తనములను ఉప్పునీటిలో వేసి తేలిన తాలును తీసివేయును. తరువాత మంచి విత్తనమును నానబెట్టి, గోనెసంచిలో మండె కట్టి, మొలక వచ్చిన పిమ్మట నారుమడిలో చల్లును. గింజలోని మొలక సజీవమైనదే. అయితే ఆ గింజలో నిండియున్న పిండి యేమగును? అది మొలకకు ఆహారమై కొద్ది దినములలో ఖర్చైపోవును. వేరు తనంతట తాను నేలనుండి తీసికొనుటకును, ఆకు వెలుగును వాడుకొనుటకును బలము వచ్చువరకు ఆ పిండియే దానిని పోషించును. నారు పీకునప్పుడు వేరు మొదట చూచిన యెడల ఒక వట్టి పొట్టు అంటుకొనియుండును. అదియే మనము చల్లిన గింజ.

ప్రభువు శాస్త్రపాఠము చెప్పుటలేదు. రైతు కంటితో చూచునట్లు చెప్పుచున్నాడు. గింజ గింజగా నుండుట ముగిసినది. దానిలో నున్నదంతయు వేరొకదానికి ఇయ్యబడినది. ఇక దానిని గాదెలో పోయలేము, దంచలేము, వండలేము. కాని ఆ యొక్క గింజకు పిలకలు వేసి, ఒక్కొక్క వెన్నులో నూటికి పైగా గింజలు వచ్చుట మీ పొలములలో చూచుచునే యున్నారు. అపొస్తలుడైన పౌలు 1 కొరింథీ 15లో పునరుత్థానమును గూర్చి సందేహించినవారిని ఈ గింజయొద్దకే తీసికొనిపోవుచున్నాడు. విత్తినది యొకటి, మొలచి వచ్చునది మరి యొకటి. అయినను రెంటికిని సంబంధము తెగదు.

4. పూతకు వచ్చిన జీలుగ

తొలకరికి మనలో కొందరు జీలుగ చల్లుదురు, కొందరు జనుము, కొందరు పిల్లిపెసర. జీలుగ నడుమెత్తు పెరిగి, రమారమి 45 దినములకు పూతకు వచ్చును. చూచుటకు ముచ్చటగా నుండును. సరిగా ఆ సమయముననే రైతు దానిని నీటిలో కలియదున్నును. పట్టణమునుండి వచ్చిన బంధువు ఎవరైనను చూచిన యెడల, ఇంత మంచి పైరును పాడుచేయుచున్నారేమి అని ఆశ్చర్యపడును.

కాని రైతునకు తెలియును. దాని వేళ్లమీద చిన్న బుడిపెలున్నవి. వాటిలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇచ్చును. పూత సమయమునకు ఆ మొక్క లేతగాను సారవంతముగాను ఉండును. ఇంకను ముదిరినచో కట్టెయై నేలలో త్వరగా చివకదు. కనుక దాని సౌందర్యము సంపూర్ణమైన సమయముననే అది తరువాత వచ్చు వరికొరకు నేలలో కలియుచున్నది. ఆ పొలములో పండిన అన్నము తిన్నవారెవ్వరును జీలుగ పేరు తలంచరు. పేరు లేకుండ ఇచ్చివేయుట దానికి నియమింపబడిన పని.

మనలో అనేకులు ఇట్టివారు. పిల్లల చదువుకొరకు తమ పుస్తెలు అమ్మిన తల్లులు, తాము అక్షరము నేర్వక తమ్ముళ్లను బడికి పంపిన అక్కలు ఈ సంఘములో లేరా? వారి పేరు ఏ రాతిఫలకము మీదను లేదు. తండ్రి మాత్రము చూచియున్నాడు.

5. కళేబరము నొద్ద పనివారు

సృష్టిలో మరణమంతయు పండుటాకువలె నెమ్మదిగా జరుగదు. కీర్తన 104:21లో సింహపు పిల్లలు వేటకొరకు గర్జించుట దేవునియొద్ద ఆహారము అడుగుటయే యని కీర్తనకారుడు చెప్పుచున్నాడు. యోబు 39:27–30లో కళేబరములున్న చోటికి దిగు పక్షిని దేవుడే తన జ్ఞానమునకు సాక్ష్యముగా చూపుచున్నాడు. ఇవి మనకు కఠినముగా తోచు మాటలు. అయితే ఒక సంగతి వినుడి.

నేను బాలుడనై యున్నప్పుడు ఊరి వెలుపల చచ్చిన పశువును వేసినచో రాబందులు గుంపుగా దిగుచుండెను. కొన్ని గడియలలో ఎముకలు మాత్రము మిగులుచుండెను. మేము రాళ్లు రువ్వి అసహ్యించుకొనుచుంటిమి. 1990 తరువాతి సంవత్సరములలో ఆ పక్షులు కనబడకుండ పోయినవి. మన దేశములో మూడు జాతుల రాబందులు నూటికి 95కు పైగా నశించినవి. కారణమేమో చాలకాలము తెలియలేదు. 2004లో శాస్త్రజ్ఞులు దానిని కనుగొని ప్రకటించిరి: పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ అను మందు. ఆ మందు పొందిన పశువు చచ్చినప్పుడు దాని మాంసము తిన్న రాబందుల మూత్రపిండములు పాడైపోవుచుండెను. 2006లో మన ప్రభుత్వము పశువులకు ఆ మందు వాడుటను నిషేధించినది. ఈలోగా కళేబరములు కుళ్లి, వీధికుక్కలు పెరిగి, రోగభయము ఎక్కువాయెను. మనము ఏ పక్షిని వికారమైనదని రాళ్లతో కొట్టితిమో, ఆ పక్షియే మన ఊళ్లను శుభ్రముగా ఉంచినదని అది పోయిన తరువాత తెలిసికొంటిమి.

నేలమీద రాలిన ఆకుల యొద్దను ఇట్టి పనివారే యున్నారు. చెదలు, బూజు, వానపాములు. చార్లెస్ డార్విన్ అను శాస్త్రజ్ఞుడు అనేక సంవత్సరములు వానపాములను పరిశీలించి 1881లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇంగ్లండు దేశములోని అనేక స్థలములలో ఒక్క ఎకరములో ఏటేట 10 టన్నులకు పైగా మన్ను వాటి శరీరములగుండ పోయి పైకి వచ్చుచున్నదని ఆయన లెక్కవేసెను. చచ్చిన ఆకు వీటి నోటబడి మన్నగును, ఆ మన్ను మరల ఆకగును. కీర్తన 104:29–30లో ప్రాణులు మంటికి తిరిగిపోవుటయు, దేవుని ఆత్మచేత భూతలము నూతనపరచబడుటయు ఒకదాని వెంట ఒకటి చెప్పబడుటను గమనించుడి.

ఇక్కడ నొక మాట చెప్పక తప్పదు. మన తాతలలో అనేకులు చచ్చిన పశువులను ఊరి వెలుపలకు ఈడ్చు పనికి బలవంతముగా నియమింపబడిరి. ఆ పని లేకుండ ఊరు బ్రదుకదు. అయినను ఆ పని చేసినందుకే వారిని అంటరానివారని త్రోసివేసిరి. మరణమును ముట్టినవారు మైలపడినవారని లోకము చెప్పినది. కాని ప్రభువు శరీరమును సిలువమీదనుండి దింపి, తమ చేతులతో నారబట్టలు చుట్టిన యోసేపును, నీకొదేమును తలంచుడి. శవమును ముట్టినవాడు ఏడు దినములు అపవిత్రుడని ధర్మశాస్త్రము చెప్పుచుండగా, పండుగ ముందటి దినముననే వారు ఆ పని చేసిరి. ఆ చేతులను సువార్తికుడు ఘనముగా వ్రాసియుంచెను. మరణమునొద్ద నమ్మకముగా పనిచేయు చేతులు దేవుని యెదుట అపవిత్రములు కావు.

6. అందము కానిది

ఇంతవరకు చెప్పినదానిని బట్టి మరణమే అందమైనదని ఎవరును తలంచకూడదు. ఆకును, గింజను, పైరును చూచి నేర్చుకొన్న మాటను తెచ్చి, ఏడ్చుచున్న తల్లి ముందర పెట్టకూడదు. నేను చేసిన తప్పు అదియే.

మనుష్యుని మరణమును గూర్చి వాక్యము వేరుగా మాటలాడుచున్నది. పాపముచేత అది లోకములోనికి వచ్చెనని రోమా 5:12 చెప్పుచున్నది. అది కడపటి శత్రువని 1 కొరింథీ 15:26 చెప్పుచున్నది. శత్రువును స్నేహితుడని పిలుచుమని మనకు ఆజ్ఞ లేదు. లాజరు సమాధియొద్ద మన ప్రభువు ఏమి చేసెనో చూడుడి. కొన్ని నిమిషములలో అతని లేపుదునని ఆయనకు తెలియును. అయినను ఆయన ఏడ్చెను. మరియమార్తలకు పువ్వుల దృష్టాంతము చెప్పలేదు. తెలిసిన ప్రభువే ఏడ్చినప్పుడు, తెలియని మనము ఎంత మెల్లగా మాటలాడవలెను!

మరియు సృష్టిలోని ప్రతి మరణమును అందమైనది కాదు. పొలములో అధికముగా కొట్టిన పురుగుమందు వానకు కొట్టుకొనివచ్చి చెరువులో చేపలు తేలినప్పుడు, దానిని దేవుని యేర్పాటని చెప్పకుడి. అది మన చేతిపని.

అట్లయిన యెడల ఆ పండుటాకులో మనకు కనబడిన అందమేమిటి? అది మరణముయొక్క అందము కాదు, ఇచ్చివేయుటయొక్క అందము. తన చేతిలో పడినదానిని దేనిని వ్యర్థపరచని దేవుని యొక్క అందము. సిలువను చూచినప్పుడు ఇది తేటపడును. ఆయనయందు మనుష్యులు ఆశించదగిన సౌందర్యము లేదని యెషయా 53:2 ముందుగనే తెలిపినది. సిలువమరణము చూచుటకు అందమైనది కాదు. అది క్రూరమైన హత్య. అయినను ఆయన తన్నుతాను ఇచ్చివేసెను గనుక, ఆ దినమును మనము శుభ శుక్రవారమని పిలుచుచున్నాము. తిరిగి లేచిన పిమ్మట ఆయన చేతులలో ఆ గాయముల గురుతులు మాసిపోలేదు. ఆయన వాటిని దాచలేదు, తోమాకు చూపెను.

మన జీవితమునకు అన్వయము

మొదట, సమాధియొద్ద మన మాటలు కొద్దిగా నుండవలెను. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చుండిరి (యోబు 2:13). వారు చేసిన మంచిపని అదియే. నోరు తెరచిన తరువాతనే తప్పిపోయిరి. దుఃఖపడు ఇంటికి పోవునప్పుడు ఒక కుండెడు నీరు, ఒక గిన్నెడు గంజి తీసికొనిపోయి ప్రక్కన కూర్చుండుట పెద్ద ప్రసంగముకంటె మేలు.

రెండవది, మన యిండ్లలోని ముసలివారిని పండుటాకులని పిలుచుదుము. ఆ మాటను ఎగతాళిగా గాక దాని అర్థమును ఎరిగి పలుకుదము. వారు తమ సారము మన కిచ్చి వట్టివారైరి. కన్నులు కనబడని అవ్వలను, నడువలేని తాతలను మందిరములో వెనుక మూలకు నెట్టక, ముందర కూర్చుండబెట్టి వారి సాక్ష్యము విందము.

మూడవది, రాలిన ఆకులను, కోసిన వరికొయ్యలను తగులబెట్టకుడి. మందిరపు ఆవరణలో ఈ సంవత్సరము గొయ్యి త్రవ్వి ఆకులను అందులో వేసి, పేడనీళ్లు చల్లి ఎరువు చేయుదము. దేవుడు మంటిద్వారా తిరిగి ఇయ్య దలచినదానిని మనము పొగగా పంపివేయుట న్యాయము కాదు.

ముగింపు

ఆ తల్లి సంగతి చెప్పి ముగించెదను. ఆ మరుసటి వానకాలమున నేను పొలము గట్టున పోవుచుండగా ఆమె కూలివారితో కూడ నారు పీకుచుండెను. నన్ను చూచి ఒక మొక్కను కడిగి తెచ్చి, దాని వేరుకు అంటుకొనియున్న వట్టి పొట్టును చూపి, “అయ్యగారూ, చూడండి, గింజంతా ఇచ్చేసింది” అన్నది. నేను ఊరకుంటిని. మరల తప్పు మాట మాటలాడుదునేమోయని భయపడితిని. ఆమెయే అన్నది: “నా నొప్పి పోలేదయ్యా. పోతుందని కూడా అనుకోను. కాని ఈ గింజనే పారవేయని దేవుడు నా బిడ్డను పారవేయడు.”

పిచ్చుక నేలరాలునప్పుడు తండ్రి యెరుగునని చెప్పి, మీరు పిచ్చుకలకంటె శ్రేష్ఠులని ప్రభువు మత్తయి 10లో చెప్పిన మాటను ఆ దినమున నారుమడిలో ఒక కూలి స్త్రీ నాకు విప్పి చెప్పినది. పండుటాకు తెచ్చిన బాలికకు తరువాతి ఆదివారము నేను చెప్పినది ఇంతే: “అమ్మా, ఆకు తన దగ్గర ఉన్నదంతా చెట్టుకు ఇచ్చి వచ్చింది. అందుకే బాగున్నది.” ఆమె ఆ ఆకును మరల బైబిలులో పెట్టుకొని పోయినది.

గృహ ప్రార్థనకూటములలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. ప్రభువు దేవదారును గాక గడ్డిపువ్వును చూపుటలో మనకు ఏమి బోధపడుచున్నది?
2. పేరు లేకుండ తమ్మును ఇచ్చివేసినవారు మన కుటుంబములో ఎవరు? వారి సంగతి పిల్లలకు చెప్పితిమా?
3. లేపబోవుచున్నానని యెరిగియు లాజరు సమాధియొద్ద ప్రభువు ఎందుకు ఏడ్చెను?
4. దుఃఖములో నున్నప్పుడు మీకు ఆదరణ కలిగించిన మాట లేక పని యేది? బాధ కలిగించినది యేది?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, రాలు ఆకును, ఎండు గడ్డిని, నేల కలియు పైరును నీవు మరువవు. మేము ఇచ్చివేయుటకు భయపడుచున్నాము, మాకు నేర్పుము. మాలో దుఃఖపడువారి ప్రక్కన మౌనముగా కూర్చుండు ప్రేమను దయచేయుము. మా మృతులను నీ చేతికి అప్పగించుచున్నాము. కడపటి శత్రువు నశించు దినమువరకు మమ్మును నిరీక్షణలో నిలుపుము. మాకొరకు నేలబడిన గింజయైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.